పిల్లల గదికి తొమ్తె తాత బొమ్మతో గుడ్డ తివాచీ: గడ్డం ఎలా కుట్టాలి?

ప్రశ్న (ఉప్సలా నుంచి)

అందరికీ నమస్కారం. మేము స్వీడన్‌లో ఉంటున్నాము. ఇక్కడ డిసెంబరు వచ్చిందంటే ఏ కిటికీలో చూసినా మొనదేలిన ఎర్ర టోపీ, తెల్లని గడ్డం, ఆ రెండింటి నడుమ గుండ్రని ముక్కుతో తొమ్తె తాత బొమ్మ కనిపిస్తుంది. ఇంటినీ పశువులనూ రాత్రివేళ కాచే చిన్ని తాతగా పల్లె జనం అతన్ని నమ్మేవారు. క్రిస్మస్ ముందు రాత్రి అతని కోసం వెన్న వేసిన జావ బయట పెట్టేవారు. మా పిల్లలకు అతనంటే ప్రాణం. వాళ్ల మంచం పక్కన పరచడానికి రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవుతో అతని బొమ్మ ఉన్న తివాచీ కుట్టాలనుకుంటున్నాను. అమ్మ పంపిన పాత నేత చీరలు, నాన్నగారి పంచెలు, పాత జీన్స్ ప్యాంట్లు నా దగ్గర ఉన్నాయి. బొచ్చుగుడ్డతో గడ్డం పెడితే కాలివేళ్లకు చిక్కుకుంటుందేమో, ఉతికితే ఉండలు కడుతుందేమో అని సందేహంగా ఉంది. తొక్కినా, ఉతికినా నిలిచే గడ్డం కుట్టే పద్ధతి ఉంటే చెప్పగలరు. చెక్క నేల మీద జారకుండా అడుగున ఏమి వేయాలో కూడా తెలుపగలరు.

మొదటి సమాధానం (విజయవాడ నుంచి)

బొచ్చుగుడ్డ వద్దండి. మీ నాన్నగారి పంచెలే గడ్డానికి తగిన గుడ్డ. ముందుగా పంచెను వెలుతురుకు ఎదురుగా పట్టి చూసి, నలిగి పలచబడిన చోట్లు వదిలేసి, అంచుకు దగ్గరగా గట్టిగా ఉన్న భాగాన్నే తీసుకోండి. గడ్డం కంటే నాలుగు వైపులా రెండేసి అంగుళాలు పెద్దదిగా దళసరి ఖద్దరు ముక్కను అడుగున పరచి, దాని మీద పంచె గుడ్డను నాలుగైదు పొరలు వేయండి. ఈ పొరలను పడుగు (గుడ్డలోని నిలువు పోగులు) ఏటవాలుగా వచ్చేలా తిప్పి పరచడమే ఇందులో కీలకం. అప్పుడు అరంగుళం ఎడంతో గడ్డం పొడవునా పైనుంచి కిందికి నిలువుగా మిషను కుట్లు వేసి, ప్రతి రెండు కుట్ల నడుమ కత్తెర మొన దూర్చి, ఖద్దరును తాకకుండా పై పొరలను మాత్రమే చీల్చుకుంటూ వెళ్లాలి. పడుగు వెంట తిన్నగా కోసిన గుడ్డ పోగులు పోగులుగా ఊడిపోతుంది; ఏటవాలుగా కోసినది అంచున మాత్రమే విచ్చుకుని అక్కడే ఆగిపోతుంది. కోయడం పూర్తయ్యాక ఒకసారి ఉతికి, ఆరబెట్టి, గట్టి బ్రష్‌తో రుద్దితే, ఆ చీలికలు మెత్తగా లేచి, పాయలు పాయలుగా దిగిన నిజమైన గడ్డంలా కనిపిస్తాయి. కుంచించుకుపోవలసినంత మేర అప్పటికే పోయి ఉంటుంది కాబట్టి, గడ్డం ఆకారాన్ని ఆ తరువాతే కత్తిరించి తివాచీ మీద అతికించండి.

పొరల నడుమ లేత బూడిదరంగు చీర ముక్క ఒకటి చేరిస్తే గడ్డానికి లోతు వస్తుంది. నాకైతే ఒట్టి తెలుపు కంటే అదే అందంగా తోస్తుంది.

రెండవ సమాధానం (స్టాక్‌హోమ్ నుంచి)

గడ్డం విషయంలో పై సలహాకు చేర్చవలసినదేమీ లేదు. తొమ్తె కోటుకు మీ జీన్స్ గుడ్డ వాడవచ్చు, కానీ నీలం కాకుండా వెలిసిన బూడిదరంగు ప్యాంటు ఉంటే దానినే ఎంచుకోండి. పాత నమ్మకాలలో ఈ తాతది ఇంట నేసిన బూడిదరంగు బట్టలే. స్వీడన్ చిత్రకారిణి జెన్నీ నీస్ట్రమ్ 1881 నుంచి గీసిన బొమ్మల వల్లనే అతని రూపం ఇక్కడి ఇళ్లలో స్థిరపడింది. ఆమె బొమ్మల్లో అతనికి కళ్లుంటాయి. ఇప్పుడు బజారులో దొరికే బొమ్మల్లో మాత్రం టోపీ కళ్లను కప్పేస్తుంది. తివాచీకి ఈ కొత్త రూపమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే కళ్ల కోసం గుండీలు, పూసలు కుట్టవలసిన పని ఉండదు. ముక్కును కూడా దూది కూరిన ఉండగా కాక, బల్లపరుపుగా ఉండే గుండ్రని గుడ్డ ముక్కగానే వేయండి. పిల్లలు చీకట్లో మంచం దిగేటప్పుడు కాలికి ఎత్తుగా ఏదీ తగలకూడదు.

టోపీకి నేత చీర ఎరుపు వాడేముందు, తడిపిన తెల్లగుడ్డను దాని మీద వేసి వేడి ఇస్త్రీపెట్టెతో అదిమి చూడండి. తెల్లగుడ్డకు ఎరుపు అంటితే ఆ చీరను ఎంత ఇష్టమైనదైనా పక్కన పెట్టండి, ఎందుకంటే మొదటి ఉతుకులోనే గడ్డం గులాబీరంగుకు తిరుగుతుంది.

మూడవ సమాధానం (హైదరాబాద్ నుంచి)

తివాచీ అడుగున ఏమి వేయాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. నడుమ పొరగా పాలియెస్టర్ దూది వేయకండి. అది పొంగుగా ఉండి కాలి కింద కదులుతుంది. పాత నూలు తువ్వాలు ఒకటి చాలు. బొమ్మను పై గుడ్డ మీద పూర్తిగా కుట్టిన తరువాతే తువ్వాలును, అడుగు కాన్వాసును జత చేసి, జానెడు దూరానికి ఒక కుట్టు చొప్పున మూడు పొరలనూ కలపండి. ఇంత మందానికి 16వ నంబరు మిషను సూది కావాలి.

టోపీ, కోటు అంచులకు దగ్గర దగ్గరగా జిగ్‌జాగ్ వేసేటప్పుడు, వెలుపలికి వంపు తిరిగిన చోట సూదిని అతుకు ముక్కకు బయట ఉన్న గుడ్డలో దించి ఉంచి, మిషను పాదం ఎత్తి గుడ్డను తిప్పుకోవాలి. లేకపోతే వంపులో ఖాళీలు పడతాయి. జారకుండా ఉండటానికి రబ్బరు వలను తివాచీకి కుట్టవద్దు. ఉతికినప్పుడల్లా రబ్బరు పెళుసుబారుతుంది కాబట్టి, దానిని తివాచీ కంటే అంగుళం చిన్నదిగా కత్తిరించి విడిగా కింద పరచుకోవడమే మంచిది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. టోపీ మొనను తివాచీ అంచు దాటించి బయటికి రానిస్తే బాగుంటుందా?

మూడవ సమాధానం ఇచ్చినవారు

చూడటానికి బాగుంటుంది కానీ, ఆ మొన మడతపడి కాలికి అడ్డం వస్తుందండి. మొనను అంచుకు రెండంగుళాలు లోపలే ఆపి, ఒక పక్కకు వంచి కుట్టండి. అంచు పట్టీ వేయడం కూడా తేలికవుతుంది.