పాత ఫోర్ట్రాన్ ప్రోగ్రామ్‌లో స్టాక్ ఓవర్‌ఫ్లో: లిమిట్ పెంచాలా, కోడ్ మార్చాలా?

పెన్నాగట్టు (నెల్లూరు):
అందరికీ నమస్కారం. సోమశిల నుంచి నెల్లూరు దాకా పెన్నా వరద ఎలా దిగుతుందో లెక్కగట్టే ఫోర్ట్రాన్ 77 ప్రోగ్రామ్ ఒకటి మా గైడ్ గారు ప్రాజెక్టుకి ఇచ్చారు. జీఫోర్ట్రాన్ కంపైలర్‌తో నిన్నటిదాకా బాగానే నడిచింది. ఒక్కో రన్‌కి రెండు గంటలు పడుతోందని పెద్ద లూప్‌కి ఓపెన్‌ఎంపీ లైన్లు (పనిని ప్రాసెసర్ కోర్లకు పంచేవి) పెట్టి, -ఎఫ్ఓపెన్‌ఎంపీ ఆప్షన్ ఇచ్చి కంపైల్ చేశాను. రన్ చేయగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తనది కాని మెమరీని ముట్టుకుంటే వచ్చే క్రాష్). బ్యాక్‌ట్రేస్ (ఎక్కడ ఆగిందో చూపే జాబితా) చూస్తే ఒక సబ్‌రొటీన్‌లోకి అడుగుపెట్టగానే పోతోంది. అందులో రియల్*8 రకం (ఒక్కో అంకెకి 8 బైట్లు) జడ్(1200,1200) అనే నేలమట్టాల అర్రే, అంటే అంకెల పట్టిక, ఉంది. దాన్ని నేను ముట్టుకోలేదు. శుక్రవారం రివ్యూ, టెన్షన్‌గా ఉంది. స్టాక్ (సబ్‌రొటీన్ నడిచేంతసేపు దాని లోకల్ డేటా ఉండే మెమరీ) లిమిట్ పెంచితే సరిపోతుందా?

గుండ్లకమ్మ (ఒంగోలు):
సరిపోతుంది తమ్ముడూ. లైనక్స్‌లో స్టాక్ మామూలుగా 8 ఎంబీ. నీ అర్రే దానికి పట్టలేదు, అంతే. యూలిమిట్ -ఎస్ అన్‌లిమిటెడ్ అని కొట్టి, అదే టెర్మినల్‌లో రన్ చెయ్. నడిచే పాత కోడ్ జోలికి పోవద్దు.

కావలి మాస్టారు:
నిన్న పట్టిన అర్రే ఇవాళ ఎందుకు పట్టలేదో తెలుసుకోకుండా లిమిట్ పెంచొద్దు బాబూ. 1200ని 1200తో, మళ్లీ 8తో గుణిస్తే 1,15,20,000 బైట్లు. నిన్నా అంతే, ఇవాళా అంతే. మారింది దాని చోటు. సైజు ముందే తెలిసిన పెద్ద లోకల్ అర్రేని జీఫోర్ట్రాన్ మామూలుగా స్టాటిక్ మెమరీలో (ప్రోగ్రామ్ ముగిసేదాకా ఉండే చోట్లో) పెడుతుంది. కొత్త వెర్షన్లలో 65,536 బైట్లు దాటితే పెద్దదే. -ఎఫ్ఓపెన్‌ఎంపీ ఇస్తే -ఎఫ్‌రికర్సివ్ కూడా వెంట వస్తుంది. నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు) ఒకే సబ్‌రొటీన్‌ని పిలిస్తే ఎవరి అర్రే వాళ్లకుండాలి కదా, అందుకని లోకల్ అర్రేలన్నీ స్టాక్ మీదికి వస్తాయి.

నాకు భయం క్రాష్ గురించి కాదు. స్టాటిక్ మెమరీ మొదట్లో సున్నాలతో ఉంటుంది. స్టాక్‌లో అంతకుముందు నడిచిన సబ్‌రొటీన్ వదిలిపోయిన అంకెలు ఉండొచ్చు. పాత కోడ్‌లో సున్నా పెట్టడం మరిచిన చోట్లు ఎన్నో ఏళ్లు బయటపడకుండా ఉండిపోతాయి. క్రాష్ అయితే కనీసం తెలుస్తుంది, తప్పు నీటిమట్టం వస్తే ఎవరికి తెలుస్తుంది?

గుండ్లకమ్మ:
మాస్టారూ, మీ మాట కాదనను. కోడ్ మార్చడమంటే అర్రేని అలకేటబుల్ (రన్‌లో అడిగి తీసుకునే మెమరీలో ఉండేది) చేయడమే. కానీ ఆ కోడ్‌లో కామన్ బ్లాకులు (సబ్‌రొటీన్లు పంచుకునే డేటా), ఈక్వివలెన్స్‌లు (ఒకే మెమరీకి రెండు పేర్లు) ఉంటాయి. ఈక్వివలెన్స్‌లో ఉన్న అర్రేని అలకేటబుల్ చేయడానికి కుదరదు. ఒకటి కదిపితే పది కదులుతాయి. శుక్రవారంలోగా కొత్త తప్పులు తెచ్చుకోవడం ఎందుకు? పోనీ, -ఎఫ్‌నో-ఆటోమేటిక్ ఇస్తే అర్రే మళ్లీ స్టాటిక్‌లోకి పోతుంది.

కావలి మాస్టారు:
పోతుంది. ఆ సబ్‌రొటీన్‌ని ప్యారలల్ లూప్ లోపల పిలుస్తుంటే మాత్రం థ్రెడ్లన్నీ ఒకే అర్రేలో రాస్తాయి. లోపల పిలుస్తున్నారా, బయటా? ముందు అది చూడమనండి.

పెన్నాగట్టు:
బయటే సార్, రన్ మొత్తంలో ఒక్కసారే. అన్న చెప్పినట్టు లిమిట్ పెంచాను, క్రాష్ లేదు. కానీ నెల్లూరు వంతెన దగ్గర నీటి లోతు పాత అవుట్‌పుట్ కంటే బాగా ఎక్కువ వచ్చింది. ఆ తేడా ఎంతో తీసి చూస్తే అచ్చంగా అక్కడి నేలమట్టం అంకె! జడ్ ఉన్న సబ్‌రొటీన్ తర్వాత ఇంకోటి నడుస్తుంది, అదీ ఒక్కసారే; అందులో నీటి లోతుల అర్రే హెచ్ కూడా రియల్*8 రకమే, 1200,1200 సైజే. జడ్ వదిలిన అంకెల మీదే అక్కడ హెచ్ = హెచ్ + ... అని కూడుతున్నారు. ఎక్కడా సున్నా పెట్టలేదు. ఆ సబ్‌రొటీన్ మొదట్లో హెచ్ = 0.0డీ0 అని ఒక్క లైను రాశాను. పాత అవుట్‌పుట్‌తో మిల్లీమీటరు దాకా కలిసింది. ఈ లెక్క చూసి ఊళ్లు ఖాళీ చేయించాల్సి వస్తే అన్న ఆలోచనకే చేతులు వణికాయి.

గుండ్లకమ్మ:
ఇది నేను ఊహించలేదు తమ్ముడూ. సున్నా లైను ఉండి తీరాలి, ఒప్పుకుంటున్నాను. అయినా రివ్యూకి లిమిట్ పెంచే నడుపు. అలకేటబుల్ సంగతి తర్వాత తీరిగ్గా చూసుకో.

కావలి మాస్టారు:
రివ్యూ ఏ మెషీన్ మీద? విండోస్ అయితే మామూలుగా స్టాక్ ఒకటి రెండు ఎంబీలే, యూలిమిట్ ఉండదు. లింక్ చేసేటప్పుడే పెంచాలి.

పెన్నాగట్టు:
ల్యాబ్‌లో విండోసే సార్. జడ్, హెచ్ రెండూ ఈక్వివలెన్స్‌లో గానీ కామన్‌లో గానీ లేవు, ఇప్పుడే వెతికాను. ఈ రాత్రికి రెండు అర్రేలనూ అలకేటబుల్ చేసి, 2021 నవంబరు వరద డేటాతో పాత వెర్షన్‌నీ కొత్తదాన్నీ పక్కపక్కన నడిపి చూస్తాను.