వెడ్డింగ్ కన్సల్టెంట్లకు సంఘం సభ్యత్వం తప్పనిసరి చేయాలా?

లెక్కలపుస్తకం:
వెడ్డింగ్ కన్సల్టెంట్‌గా, అంటే పెళ్లి ఏర్పాట్లన్నీ చూసిపెట్టే ప్లానర్‌గా పని చేయాలంటే ఏదో ఒక వృత్తి సంఘంలో సభ్యత్వం ఉండి తీరాలన్న నిబంధన రావాలా? రావాలనే నేనంటాను. చాలా దేశాల్లో ఈ పనికి లైసెన్సు లేదు, పరీక్ష లేదు. నాలుగు ఫొటోలు పెట్టి, విజిటింగ్ కార్డు కొట్టించుకుంటే చాలు, ప్లానర్ అయిపోవచ్చు. మరి మనం వాళ్ల చేతిలో పెట్టేది చిన్న మొత్తమా? హాలు, డెకరేషన్, ఫొటోగ్రాఫర్, భోజనాలు, అన్నింటి అడ్వాన్సులూ ఆ ఒక్క మనిషి ఖాతాలోంచే వెళ్తాయి.

మా అక్క పెళ్లికి ప్లానర్ ఇచ్చిన కోట్‌లో, అంటే ఖర్చుల అంచనా కాగితంలో, ‘డెకరేషన్, మొత్తం’ అని ఒకే లైను ఉంది. పువ్వులు ఏవి, లైట్లు ఎన్ని, పని ఎవరు చేస్తారు, ఏమీ రాయలేదు. అడిగితే “టెన్షన్ పడకండి, అంతా నేను చూసుకుంటాను కదా” అన్నారు. పెళ్లి దగ్గర పడ్డాక డెకరేషన్ వాళ్లే ఫోన్ చేసి తమకింకా అడ్వాన్స్ అందలేదన్నారు. మేం కట్టేసి చాలా రోజులైంది. ఎవరికి ఫిర్యాదు చేయాలో మాకు తెలియలేదు. సంఘం ఉంటే కనీసం తట్టడానికి ఒక తలుపు ఉండేది.

తెల్లకాగితం:
నేను ఈ పనిలోనే ఉన్నాను, ఒక సంఘంలో సభ్యురాలిని కూడా. మీ అక్కగారి విషయంలో జరిగింది ముమ్మాటికీ తప్పే. కానీ సభ్యత్వం దాన్ని ఆపేదని నేను అనుకోను. చాలా చోట్ల సభ్యత్వమంటే ఏడాది ఫీజు కట్టి, వెబ్‌సైట్‌లో లోగో పెట్టుకోవడమే. పని ఎలా చేస్తున్నామో వచ్చి చూసేవాళ్లు లేరు.

తప్పనిసరి చేస్తే దెబ్బ ఎవరికి తగులుతుందో చూడండి. ఇంటి నుంచి ఒక్కరే పని మొదలుపెట్టేవాళ్లకు. ఆ ఫీజు, ఆ కోర్సు ఖర్చు పెద్ద కంపెనీకి లెక్కలోకి రాదు, కొత్తగా వచ్చే అమ్మాయికి వస్తుంది. పైగా ఎవరిని చేర్చుకోవాలో తేల్చేది ఇప్పటికే స్థిరపడ్డవాళ్లు. అంటే రేపు తమకు పోటీ వచ్చే మనిషిని లోపలికి రానివ్వాలా వద్దా అన్నది వాళ్లే నిర్ణయిస్తారు. ఇది నాకు న్యాయంగా అనిపించదు.

వానచినుకు:
ఆన్‌లైన్ రివ్యూలు ఉన్నాయి కదండీ. చెడ్డ ప్లానర్‌కు రెండు చెడ్డ రివ్యూలు పడితే పని దొరకదు. సంఘాలెందుకు?

లెక్కలపుస్తకం:
వానచినుకు గారూ, రోజూ వెళ్లే దుకాణానికైతే మీ మాట సరిపోతుంది. అక్కడ మోసం చేస్తే మర్నాడు మనం వెళ్లం, వాళ్లకు నష్టం. పెళ్లి అలా కాదు, మళ్లీ అదే ప్లానర్ దగ్గరికి వెళ్లేవాళ్లు అరుదు. 1970లో జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల అమ్మకాలను ఉదాహరణగా తీసుకుని ఇదే చెప్పారు: సరుకు సంగతి అమ్మేవాడికే తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు, మంచిదానికి తగిన ధర రాక మంచి సరుకే మార్కెట్ నుంచి తప్పుకుంటుంది. రివ్యూ రాసేవాళ్లకు కూడా పెళ్లి అందంగా జరిగిందా లేదా అన్నదే తెలుస్తుంది. తెర వెనక ఎవరు ఎంత కమీషన్ తీసుకున్నారో వాళ్లకెలా తెలుస్తుంది?

నిలువుగీత:
ఇక్కడ మూడు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. నమోదు అంటే జాబితాలో పేరుండటం. సర్టిఫికేషన్ అంటే ఫలానా ప్రమాణం అందుకున్నారని ఒకరు చెప్పడం, అది లేనివాళ్లు కూడా పని చేసుకోవచ్చు. లైసెన్సు అంటే అది లేకుండా పని చేయడమే నేరం. లెక్కలపుస్తకం గారు కోరుతున్నది దాదాపు మూడోది. పొరపాటు జరిగితే ప్రాణం పోయే వృత్తులకు అది సబబే. ఇక్కడ పోయేది డబ్బు, మనశ్శాంతి. వాటికి రెండోది చాలు, కానీ గట్టిగా ఉండాలి.

ఉన్న సంఘాలు కూడా స్వచ్ఛందమైనవే. అమెరికాలో అసోసియేషన్ ఆఫ్ బ్రైడల్ కన్సల్టెంట్స్ 1955 నుంచి ఉంది. బ్రిటన్‌లో ప్లానర్ల సంఘం 2004లో మొదలైంది. చేరకపోయినా ఎవరి పనీ ఆగదు. 2020లో కోవిడ్ వల్ల పెళ్లిళ్లు ఆగిపోయి రిఫండ్ల గొడవలు వచ్చినప్పుడు, బ్రిటన్‌లో జంటలకు అండగా మాట్లాడింది ప్రభుత్వ సంస్థ అయిన కాంపిటీషన్ అండ్ మార్కెట్స్ అథారిటీ. లాక్‌డౌన్ వల్ల పెళ్లి జరగకపోతే, అప్పటికే అయిన కొంత ఖర్చు మినహా డబ్బు తిరిగివ్వాలని చెప్పింది. దానికి ఆధారం వినియోగదారుల చట్టం. అది అందరికీ వర్తిస్తుంది, సభ్యులకైనా కానివాళ్లకైనా.

కాబట్టి సంఘం చేయాల్సింది చట్టం అందుకోలేని చోట. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు కమీషన్. ప్లానర్ మన దగ్గర ఫీజు తీసుకుని, వెండర్ (డెకరేషన్, భోజనాల లాంటి పనులు చేసేవాళ్లు) దగ్గర కూడా తీసుకుంటే, ఆ వెండర్‌ను మన కోసం ఎంచుకున్నారా, తన కోసం ఎంచుకున్నారా? తీసుకుంటే తీసుకున్నామని కోట్‌లోనే రాయాలి. రెండోది, వెండర్లకు చేరాల్సిన డబ్బు సొంత ఖర్చులతో కలవకుండా వేరే ఖాతాలో ఉండాలి. ఇన్సూరెన్స్, రాతపూర్వక అగ్రిమెంట్ ఎలాగూ ఉండాల్సినవే. ఇవి పాటించని సభ్యుణ్ణి తీసేసి, తీసేశామని బయటికి చెప్పాలి. ఎవరినీ తీసేయని సంఘం లోగోకు నేను ఏ విలువా ఇవ్వను.

తెల్లకాగితం:
కమీషన్ విషయంలో మీతో ఏకీభవిస్తాను, మా వృత్తిలో చాలామందికి ఇది నచ్చకపోయినా సరే. ఒక్క మాట మాత్రం చేర్చాలి. ఆ కమీషన్ ఉంది కాబట్టే కొందరు క్లయింట్ దగ్గర తక్కువ ఫీజుతో సరిపెట్టుకుంటారు. అది ఆగితే ఫీజు పెరుగుతుంది. “కోట్‌లో ఫీజు తక్కువున్న ప్లానర్ దొరికారు” అని క్లయింట్లే వెళ్లిపోతుంటే నిజాయితీగా రాసినవాళ్లు నష్టపోతారు. అందుకే ఒక్కరు రాస్తే చాలదు, అందరూ ఒకేసారి రాయాలి. ఆలోచిస్తే, సంఘం అవసరం నాకు కనిపించేది ఇక్కడే.

లెక్కలపుస్తకం:
అయితే తప్పనిసరి అన్న మాట పక్కన పెడతాను. మీ సంఘం ఇప్పటివరకు ఎవరినైనా తొలగించిందా? ఆ వివరాలు మాలాంటివాళ్లకు కనిపిస్తాయా?

తెల్లకాగితం:
ఫిర్యాదుల కమిటీ ఉంది. ఏ ఫిర్యాదు ఏమైందో మాత్రం సభ్యులకే చెప్పరు, ఇక బయటివాళ్ల సంగతి సరేసరి. వచ్చే సర్వసభ్య సమావేశానికి దీన్ని తీర్మానంగా రాసి పంపుతాను. కమీషన్ కాలమ్ కూడా అందులోనే పెడతాను. నిలువుగీత గారూ, వేరే ఖాతా నిబంధన ఎలా రాయాలో ముసాయిదా మీరు పంపగలరా?