గడగడా చదువుతున్నారు, కానీ ఇంగ్లీషు చదవడం రావడం లేదు

పల్లెబడి టీచర్:
మాది ప్రకాశం జిల్లాలో ప్రాథమిక పాఠశాల. నాకు నాలుగో తరగతి, 19 మంది పిల్లలు. నిన్న ఒక పాప ఇంగ్లీషు పాఠం ఒక్క తప్పు లేకుండా చదివింది. ఎందుకో అనుమానం వచ్చి, అదే పాఠంలోని ‘రివర్’ బోర్డు మీద రాసి అడిగాను. చెప్పలేకపోయింది. పుస్తకం చేతికిస్తే మొదటి లైను నుంచి అందుకుని, వేలు జరుపుకుంటూ ఆ మాట దగ్గరికి వచ్చి ‘రివర్’ అంది. పద్యం అప్పజెప్పినట్టు! రాత్రి నిద్ర పట్టలేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?

ఒకటో తరగతి మేడమ్:
మీ తప్పేం లేదు టీచర్ గారూ. తెలుగులో ‘క’ అక్షరం పేరూ అదే, పలికేదీ అదే. గుణింతాలు, ఒత్తులు వస్తే పిల్లలు ఏ మాటైనా కూడబలుక్కుని చదివేస్తారు. ఇంగ్లీషులో అక్షరం పేరు ‘సి’, పలికేది ఒకచోట ‘క్’, ఇంకోచోట ‘స్’. మనమేమో ‘సి ఏ టి క్యాట్’ అని వల్లె వేయిస్తాం. ఆ మూడు పేర్లూ కలిపితే క్యాట్ ఎలా వస్తుందో పిల్లలకు తెలియదు, అందుకే మొత్తం బట్టీ పడతారు.

నేను రోజూ పది నిమిషాలు పలకల మీద ‘యాట్’ రాయించి, ముందు అక్షరం మార్పిస్తాను. క్యాట్, బ్యాట్, ర్యాట్, మ్యాట్. మధ్యలో ‘జ్యాట్’ అని అసలు లేని మాట ఒకటి వేస్తాను. అది బట్టీ పట్టి ఉండరు కదా, చదివారంటే నిజంగా చదివినట్టే.

ఐదో తరగతి సార్:
మేడమ్ చెప్పింది సగం. అర్థం సంగతి కూడా చూడాలి. నేను మొదట్లో ‘గోట్ అంటే మేక, లీఫ్ అంటే ఆకు’ అని ప్రతి మాటకీ తెలుగు చెప్పేవాణ్ణి. పిల్లలు పుస్తకం వదిలేసి నా నోటి వైపే చూసేవాళ్ళు. ఇప్పుడు ముందు బొమ్మలు చూపించి తెలుగులోనే మాట్లాడిస్తాను: మేక ఎక్కడుంది, ఏం చేయబోతోంది? తర్వాతే చదవడం. మొన్న ‘నిబిల్డ్’ అని వచ్చింది, ఎవరికీ తెలియదు. నేను నోరు మెదపలేదు. ఒక బాబు బొమ్మ చూసి, పక్కనున్న ‘లీవ్స్’ చూసి, ‘ఆకులు కొరికింది సార్’ అన్నాడు. జవాబు తెలుగులోనే వచ్చింది. అయితేనేం, లైను వాడే అర్థం చేసుకున్నాడు!

పల్లెబడి టీచర్:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకొక్కటి. మా పరిసరాల విజ్ఞానం పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. పిల్లల కళ్ళు తెలుగు మీదికే పోతున్నాయి. మూసేయమందామా?

ఒకటో తరగతి మేడమ్:
మూయించొద్దు. ముందు తెలుగు పేజీ చదవనివ్వండి, విషయం తెలిస్తే ఇంగ్లీషంటే టెన్షన్ ఉండదు.

ఐదో తరగతి సార్:
నేను ఒప్పుకోను మేడమ్. రోజూ తెలుగే ముందైతే ఇంగ్లీషు పేజీ తెరిచే అవసరమే రాదు వాళ్ళకు. నేను ఇంగ్లీషులో రెండు లైన్లు చదివించి, ఏం అర్థమైందో అడిగాకే ఎదురు పేజీ చూడమంటాను, సరిపోయిందో లేదో వాళ్ళే చూసుకుంటారు.

పల్లెబడి టీచర్:
రేపు నీటి పాఠం ఉంది. సార్ చెప్పినట్టు రెండు లైన్లతో మొదలుపెడతాను, బాగా తడబడే నలుగురికి మాత్రం మేడమ్ పద్ధతి. ‘రివర్’ పాపను నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను. పలకలు ఇవాళే కడిగించాను.