ఆర్డెనా, ఆర్డెర్నా? బందరు వ్యాకరణం దొర ఇంటిపేరు

పాతపుస్తకం:
డిగ్రీలో చదివిన షేక్‌స్పియర్ నాటకం 'యాజ్ యూ లైక్ ఇట్'లో మాట ఒకటి కొన్నాళ్ళుగా బుర్రలో తిరుగుతోంది. "ఇదిగో ఆర్డెన్‌కి వచ్చిపడ్డాను, ముందుకన్నా పెద్ద వెర్రివాణ్ణయ్యాను..." ఆ తర్వాత ఇంటి గురించో ప్రయాణం గురించో ఏదో ఉండాలి. జేక్వీస్ అంటాడనుకుంటా. ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఎ.హెచ్. ఆర్డెన్ తెలుగు వ్యాకరణం (1873) తిరగేస్తున్నాను. నాటకంలోని ఆర్డెన్ అడవి పేరు, ఈ దొర ఇంటిపేరు ఒకటేనా? ఇంగ్లండులో ఈ ఇంటిపేరు వాళ్ళు ఏ వైపు ఉంటారు? ఎక్కువగా వినబడే పేరు కాదు కదా.

అరసున్న:
జేక్వీస్ కాదండీ, విదూషకుడు టచ్‌స్టోన్. రెండో అంకం, నాలుగో రంగం. "ఇంటి దగ్గర ఉన్నప్పుడు ఇంతకన్నా మంచిచోటే ఉండేవాణ్ణి, దారిన పడ్డాక సర్దుకోవాలి మరి" అని పూర్తవుతుంది. ఇక అడవి సంగతి. నాటకానికి కథ తీసుకున్నది 1590లో అచ్చయిన థామస్ లాడ్జ్ వచన కథ 'రోజలిండ్' నుంచి. అందులోది ఫ్రాన్సు వైపు ఆర్డెన్స్ అడవి. కాబట్టి మీ దొరకూ ఆ వాక్యానికీ సంబంధం లేదు.

బందరు లడ్డు:
అదేమిటి మాస్టారూ, అంత తేలిగ్గా తేల్చేశారు! కవి కన్నతల్లి పేరే మేరీ ఆర్డెన్. ఆయన పుట్టిన వార్విక్‌షైర్‌లో ఆర్డెన్ అని పెద్ద అటవీ ప్రాంతమే ఉంది. హెన్లీ-ఇన్-ఆర్డెన్, హాంప్టన్-ఇన్-ఆర్డెన్, టాన్‌వర్త్-ఇన్-ఆర్డెన్ అని ఈ రోజుకీ ఊళ్ళ పేర్లున్నాయి. రాస్తున్నది ఫ్రాన్సు అడవైనా, చెవిలో ఉన్నది అమ్మ పుట్టింటి పేరే. పైగా వ్యాకరణం దొర మా బందరులో సి.ఎం.ఎస్. (చర్చి మిషనరీ సొసైటీ) మిషన్ మనిషి. అంటే షేక్‌స్పియర్ మేనమామ వంశం వాళ్ళు మాకు వ్యాకరణం రాసిపెట్టారన్నమాట :)

అరసున్న:
ఆ అడవిలో ఆడసింహం ఉంది, ఆలివ్ చెట్లున్నాయి, పద్యాలు తగిలించడానికి తాళజాతి చెట్టు కూడా ఉంది. అవన్నీ వార్విక్‌షైర్‌లో చూపించండి, ఒప్పుకుంటాను.

బందరు లడ్డు:
ఫ్రాన్సు అడవిలో మాత్రం సింహాలున్నాయా?

శకటరేఫం:
సింహాన్ని వదిలేయండి. ఇంటిపేరు ఒకటేనని మొదట్లోనే అనేసుకున్నారు, చిక్కంతా అక్కడుంది. ఆర్డెన్, ఆర్డెర్న్ అని రెండున్నాయి. న్యూజిలాండ్ ప్రధానిగా చేసిన జసిండా ఇంటిపేరు ఆర్డెర్న్, ఊనిక (ఒత్తి పలకడం) రెండో అక్షరం మీద. వార్విక్‌షైర్ ఆర్డెన్‌కి ఊనిక మొదటిదాని మీద. ఆ రెండో రేఫం దండగకి రాలేదు. పాత ఇంగ్లీషులో 'ఎయర్డ్' అంటే ఉండే చోటు, 'ఎర్న్' అంటే ఇల్లు. రెండూ కలిస్తే నివాసగృహం. ఇంగ్లీషులో గాదెని 'బార్న్' అంటారే, అది 'బెరె-ఎర్న్', బార్లీ ఇల్లు. దాంట్లో ఎర్న్ అరిగి అరిగి ఒక్క అక్షరంలో ఇమిడిపోయింది. ఆర్డెర్న్‌లో ఇంకా నిలబడింది. కాబట్టి అడవి ఆర్డెన్ వేరు, ఇంటి ఆర్డెర్న్ వేరు. ఈ దొర ఏ పాయవాడో తెలియకుండా బంధుత్వాలు కలపకండి.

స్టాక్‌పోర్ట్ తెలుగోడు:
మా వైపు ఆర్డెర్న్‌లు బాగానే తగులుతారు. 1881 జనాభా లెక్కల నుంచి గీసిన ఇంటిపేర్ల పటాల్లో చూసినా ఆర్డెర్న్ గుంపంతా చెషైర్, దాన్ని ఆనుకున్న లంకాషైర్‌లోనే. మా బాబు క్లాసులో ఒక ఆర్డెర్న్ ఉన్నాడు, టీచర్ హాజరు పిలిచేటప్పుడు రెండో అక్షరమే ఒత్తుతుందట. కానీ శకటరేఫం గారి సిద్ధాంతానికి మా ఊళ్ళోనే అడ్డుపుల్ల ఉంది. ఇక్కడికి దగ్గర్లోనే బ్రెడ్‌బరీలో టేమ్ నది గట్టున పాడుబడిన భవంతి ఒకటుంది, ఆర్డెన్ హాల్. ఆ చెషైర్ వంశం పాత కాగితాల్లో 'ఆర్డెర్న్', తర్వాత 'ఆర్డెన్'. బ్రెడ్‌బరీలో పుట్టి ప్రధాన న్యాయమూర్తి దాకా ఎదిగిన రిచర్డ్ పెప్పర్ ఆర్డెన్ (1744–1804) సంతకం ఆర్డెన్ అనే. లార్డ్ అయ్యాక పెట్టుకున్న ఆల్వన్లీ కూడా చెషైర్ ఊరి పేరే. అంటే రెండో రేఫం ఉన్నవాళ్ళే దాన్ని వదిలేసుకున్నారు. ఆ భవంతికి ఇంకో పేరు కూడా ఉంది, హార్డెన్ హాల్ అని. ఆ హకారం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అంతుబట్టదు.

శకటరేఫం:
వదిలేసుకున్నారంటే ముందు ఉందనే కదా అర్థం. నా మాటే నిలబడింది.

పాతపుస్తకం:
వార్విక్‌షైర్ వాళ్ళ సంగతి ఎవరైనా చెబుతారా? అసలు పేరు ఎప్పుడు మొదలైంది?

అరసున్న:
చెబుతాను. ఇంగ్లండులో 1066 నాటి నార్మన్ల దండయాత్రకి ముందు నుంచీ మగవారసత్వం తెగకుండా చూపించగలిగిన వంశాలు మూడే: ఆర్డెన్, బర్క్‌లీ, స్వింటన్. ఆర్డెన్ల మూలపురుషుడు టర్కిల్. నార్మన్లు మిగతా ఇంగ్లీషు దొరల భూములు దాదాపు అన్నీ లాక్కున్నా ఇతనికి బోలెడు మాన్యాలు మిగిలాయి. 1086లో నార్మన్ రాజు రాయించిన డూమ్స్‌డే భూముల లెక్కల్లో ఇతని పేరు టర్కిల్ ఆఫ్ వార్విక్. వార్విక్ కోట, దాని చుట్టూ ఉన్నది చేయి జారాక అడవి పేరు తగిలించుకున్నాడు. నార్మన్ల పద్ధతిలో ఊరి పేరుని ఇంటిపేరుగా పెట్టుకున్న తొలి ఇంగ్లీషువాళ్ళలో ఇతనొకడని వార్విక్‌షైర్ చరిత్రకారుడు డగ్డేల్ 1656లోనే రాశాడు.

ఇక్కడ మనవాళ్ళు ఇట్టే పట్టుకోవలసిన విషయం ఒకటుంది. అడవిలోనే ఉంటే అడవి పేరుతో ఎవరూ పిలవరు. అక్కడున్నవాళ్ళందరూ ఆర్డెన్ వాళ్ళే కదా! ఊరు దాటి పోయినవాడికో, ఊరంతటికీ యజమాని అయినవాడికో ఆ పేరు అంటుకుంటుంది. వీరేశలింగం గారు పుట్టింది రాజమండ్రిలో, ఇంటిపేరు కందుకూరి. అందుకే ఇంగ్లండులో ఊరిపేర్ల ఇంటిపేర్లు ఊరి మధ్యలో కన్నా కొంత దూరం అవతల తరచుగా కనిపిస్తాయి.

బందరు లడ్డు:
మరి అంత పాత వంశమైతే జనం పెరగాలి కదా. అరుదెందుకయింది?

అరసున్న:
మేరీ తండ్రి రాబర్ట్ ఆర్డెన్‌ని చూడండి. విల్మ్‌కోట్‌లో రైతు, పోయింది 1556లో. ఎనిమిది మంది ఆడపిల్లలు, మేరీ కడగొట్టుది. ఎనిమిది పెళ్ళిళ్ళకి ఎనిమిది ఇంటిపేర్లు, ఆ ఇంట ఆర్డెన్ ఆయనతోనే సరి. పెద్ద శాఖ పార్క్ హాల్‌ వాళ్ళది. ఆ శాఖ ఎడ్వర్డ్ ఆర్డెన్‌ని మొదటి ఎలిజబెత్ రాణి మీద కుట్రలో ఇరికించి 1583 డిసెంబరులో ఉరితీశారు. ఆ శాఖలో చివరి మగవాడు రాబర్ట్ 1643లో ఆక్స్‌ఫర్డ్‌లో పెళ్ళి కాకుండానే పోతే ఆస్తి అక్కచెల్లెళ్ళు పంచుకున్నారు. ఇలాంటివి రెండు మూడు జరిగితే ఎంత పేరున్న వంశమైనా అరుదైపోతుంది. మొదట్లో నాలుగిళ్ళుంటే వాటిలో ఏది తెగిందన్నది అదృష్టం. స్మిత్, బేకర్ లాంటి వృత్తి పేర్లు ప్రతి ఊళ్ళోనూ విడిగా పుట్టుకొచ్చాయి కాబట్టి వాటికి ఈ బెడద లేదు.

కృష్ణాతీరం:
విల్మ్‌కోట్‌ అంటే గుర్తొచ్చింది. అక్కడ మేరీ ఆర్డెన్ ఇల్లంటూ చెక్క దూలాల అందమైన ఇల్లొకటి చూపించేవారు, 1930 నుంచి షేక్‌స్పియర్ జన్మస్థల ట్రస్టు చేతిలో ఉంది. తీరా 2000లో దస్తావేజులు బయటపడితే అది పక్కింటి ఆడమ్ పామర్‌ది! అసలు ఇల్లు ఇటుకల మొహంతో పక్కనే గ్లీబ్ ఫామ్ పేరుతో ఉంది. అదే మేరీ ఇల్లని ఎవరూ అనుకోలేదు. యాత్రికులు ఏళ్ళ తరబడి పామర్ గారింట్లో ఫొటోలు దిగారన్నమాట.

శకటరేఫం:
ఇల్లే తప్పుగా చూపించినవాళ్ళు ఇంటిపేరు సరిగ్గా చెబుతారని నమ్మమంటారా! ఇంతకీ అడవి ఆర్డెన్‌కి అర్థం ఎవరూ చెప్పలేదు. అది సాక్సన్ల మాట కాదు, అంతకుముందున్న కెల్టుల మాట. 'ఆర్డ్' అంటే ఎత్తు. ఐర్లండులో ఆర్మా, స్కాట్లండులో ఆర్డ్‌రాసన్, ఫ్రాన్సు ఆర్డెన్స్, అన్నీ ఇందులోవే. లాటిన్ 'ఆర్డుయుస్', నిటారైనది. మన 'ఊర్ధ్వ' కూడా దీని చుట్టమే. మన ధకారం వాళ్ళ దగ్గర దకారమయింది.

అరసున్న:
ఇక్కడ మాత్రం ఆగాలి. ఆర్డ్‌కి సరిజోడు కావాలంటే మనకి 'ఋధ్వ' లాంటిది రావాలి. ఊకారం ఎలా దీర్ఘమయింది? ఊర్ధ్వానికి వృధ్ ధాతువుని చూపించినవాళ్ళున్నారు. పెరిగినది, పైకి లేచినది. వకారం పోతూ పోతూ అచ్చుని ఊకారం చేసి పోయింది. అలాగైతే లాటిన్‌లో ముందు వకారం కనబడాలి, లేదు. కాబట్టి ఆ చుట్టరికం కుదరదు.

శకటరేఫం:
గ్రీకు 'ఓర్థొస్'ని (నిటారైనది) ఏం చేస్తారు?

అరసున్న:
గ్రీకు మాండలికాలు చాలావాటిలో వకారం నిలవలేదు కదా! వాళ్ళ సాక్ష్యం చెల్లదు.

శకటరేఫం:
చెల్లనిది మీ వృధ్. దీర్ఘానికి కారణం కంఠ్యధ్వని లోపం. దీని మీద వేరే పోస్టు పెడతాను, ఇక్కడ చోటు చాలదు.

వకీలు:
మా తరానికి ఆర్డెన్ అంటే టెనిసన్ పద్యకథ 'ఈనక్ ఆర్డెన్' (1864) నాయకుడు ఒక్కడే. ఓడ బద్దలై ఏళ్ళ తరబడి దీవిలో ఉండిపోయిన నావికుడు తిరిగొచ్చేసరికి భార్య ఆనీ స్నేహితుణ్ణి పెళ్ళాడి పిల్లలతో ఉంటుంది. చీకట్లో నిలబడి దీపం వెలుగులో ఆ ఇంటిని చూసి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోతాడు. అమెరికాలో జీవితభాగస్వామి జాడ తెలియనప్పుడు రెండో పెళ్ళికి వర్తించే చట్టాలని ఇతని పేరుతోనే పిలుస్తారు. మన సాక్ష్యాధారాల చట్టంలో ఏడేళ్ళు జాడ తెలియకపోతే చనిపోయినట్టు భావించే నియమం ఉందిగా, ఆ బాపతే.

కృష్ణాతీరం:
ఆ పద్యం ఆఖరి ముక్క మీకు మింగుడుపడిందా? ఇంత గుండె పిండాక, ఆ చిన్న రేవు అంత ఖరీదైన అంత్యక్రియలు ఎన్నడో గానీ చూడలేదు అని ముగిస్తాడు. ఖరీదేమిటి అక్కడ! బిల్లు చూసినట్టుంది.

వకీలు:
అదే గొప్పదనం. బతికుండగా గుర్తుపట్టని ఊరు చచ్చాక డబ్బు పోసింది. వెటకారమండీ.

కృష్ణాతీరం:
టెనిసన్‌కి వెటకారమా? విక్టోరియా రాణి ఆస్థానకవి ఖరీదుని ఖరీదుగానే అన్నాడు.

బందరు లడ్డు:
ఈ పేరుతో నెట్‌లో వెతికితే ముందు లిప్‌స్టిక్‌లే వస్తున్నాయి. ఎలిజబెత్ ఆర్డెన్ కూడా వీళ్ళ వంశమేనా?

కృష్ణాతీరం:
కాదు. ఆవిడ కెనడా ఆడపడుచు, అసలు పేరు ఫ్లారెన్స్ నైటింగేల్ గ్రాహమ్. వ్యాపారానికి పేరు కావలసి వచ్చి ఆర్డెన్‌ని ఈనక్ దగ్గరే తీసుకుందంటారు. కాబట్టి ఇప్పుడు ఆ పేరు ఎక్కడెక్కడ కనబడుతోందని లెక్క తీస్తే వార్విక్‌షైర్ కన్నా డబ్బాల మీదే ఎక్కువ.

పాతపుస్తకం:
అందరికీ థాంక్స్. కానీ నా దొర ఏ పాయవాడు? తమిళానికీ వ్యాకరణం రాశాడు, వాడుక తెలుగునీ గ్రాంథికాన్నీ విడదీసి చూపించాడు. అలాంటి మనిషి గురించి ఒక్కరూ ఏమీ అనలేదు.

అరసున్న:
ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన చుట్టరికం తేలదండీ. పారిష్ రిజిస్టర్లు పట్టి ఒక్కో తరమూ వెనక్కి వెళ్ళాలి. ఇంటిపేరుని నమ్ముకుంటే బోల్తా పడతారు. కెంట్‌లో ఫావర్‌షామ్ అనే ఊళ్ళో 1551లో భార్య చంపించిన థామస్ ఆర్డెన్ ఉన్నాడు, అతన్నీ కొన్ని కాగితాల్లో ఆర్డెర్న్ అనే రాశారు. నూవర్క్‌లో భగందరం (ఆసనం దగ్గర పుండు) కోసి నయం చేసిన పద్నాలుగో శతాబ్దపు వైద్యుడు జాన్ ఆర్డెర్న్ ఉన్నాడు. ఎక్కడ వార్విక్, ఎక్కడ కెంట్!

బందరు లడ్డు:
పాత తెలుగు అచ్చులో వలపలగిలకతో (తర్వాతి అక్షరం పక్కన వేసే రేఫ గుర్తు) వేసుంటే ఏ రేఫం ఎక్కడుందో ఇట్టే తెలిసిపోయేది. అసలు తెలుగు నోటికి హలంతం ఎందుకు? బ్రౌను దొరలాగా 'ఆర్డెను దొర' అంటే పోలా?

శకటరేఫం:
'ఆర్డెను' అంటే ఊనిక పోతుంది. ఊనిక పోతే ఏ పాయో ఎప్పటికీ తేలదు.

స్టాక్‌పోర్ట్ తెలుగోడు:
ఊనిక సంగతి తర్వాత, నా హకారం ఎవరూ ముట్టుకోలేదు. ఈ వైపు జనం హార్డ్‌ని 'ఆర్డ్' అంటారు. మాటల ముందు హ మింగడం వీళ్ళకి అలవాటు. రాసేవాడు ఇక్కడా మింగారేమో అనుకుని లేని హ తగిలించాడా?

శకటరేఫం:
లేదా మొదట్నుంచీ హార్డెనే ఉండి, ఆర్డెన్‌లు అందరూ హ మింగినవాళ్ళా?

అరసున్న:
అయ్యో, మళ్ళీ మొదలా.