తెరచాపా మోటారూ కలిసి పడవను నడిపితే ఆ నడకకు పేరేమిటి?

హన్మకొండ నుంచి అడుగుతున్నాను. మా అమ్మాయి హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకుంటోంది. పోయిన ఆదివారం ఇంటికొచ్చి కటమరాన్‌ల గురించి చెబుతూ, "గాలి తక్కువుంటే చాప దించరు బాపూ, అది ఉండగానే మోటారు కూడా పెడతారు. మోటార్ సెయిలింగ్ అంటారు. తెలుగులో ఏమంటాం?" అంది. జవాబు దొరకలేదు. అప్పటి నుంచి మనసంతా అదే.

ముందు కటమరాన్ సంగతి. అది తమిళుల కట్టుమరం. కట్టు మనకూ ఉంది, మరం అంటే మాను. కోరమండల్ తీరంలో చూసిన ఈ దుంగల తెప్పల గురించి డాంపియర్ అనే ఇంగ్లీషు నావికుడు 1697లోనే రాశాడు. దుంగల్ని తాళ్లతో బిగించి చేపల వేటకు వెళ్లడం, ఒడ్డుకొచ్చాక కట్లు విప్పి ఆరబెట్టడం, ఇదీ అసలు కట్టుమరం. ఇప్పుడు కటమరాన్ అంటున్నది మాత్రం రెండు సన్నని పడవల్ని పక్కపక్కన పెట్టి, మధ్యన బల్ల వేసి కలిపినది. అమెరికాలో హెరెషాఫ్ అనే పడవల తయారీదారు 1876లో అలాంటి జంట పడవ చేసి పందెంలో దింపాడు. అంటే పేరు దుంగలది, రూపం జంట పడవలది.

ఈ రూపానికి మన దగ్గర మాట లేకపోలేదు. కృష్ణమీద రెండు పడవలకు అడ్డంగా బల్లలు పరిచి మనుషుల్ని, బండ్లను దాటించే బల్లకట్టు ఉంది కదా! రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటారు పెద్దలు. బల్లలు వేసి బిగించాక ఆ భయం లేదు, పైగా ఒంటి పడవలా పక్కకు ఒరగదు. నన్నడిగితే కటమరాన్‌కు కట్టుమరం కన్నా "చాప బల్లకట్టు" దగ్గరి మాట.

చిక్కంతా మోటారు దగ్గర వచ్చింది. రెండు బలాలు కూడితే వేగం కూడుతుందని అనుకున్నాను. అమ్మాయి స్కూటర్ మీద కూర్చోబెట్టి చూపించింది. గాలి లేని మధ్యాహ్నం కాజీపేట వైపు పోతుంటే చున్నీ వెనక్కి కొట్టుకుంది. అంటే బండి తన గాలిని తానే ఎదురుగా పుట్టిస్తోంది. పడవా అంతే. వెనకనుంచి గంటకు 8 మైళ్ల గాలి వీస్తుంటే, మోటారుతో పడవ 6 మైళ్లు నడిస్తే, చాపకు తగిలేది 2 మైళ్లే. చాప వదులైపోయి టపటపా కొట్టుకుంటుంది. గాలి పక్కనుంచి వస్తే కథ వేరు. మోటారు పుట్టించిన గాలి దానితో కలిసి కాస్త ముందునుంచి తగులుతుంది, చాపను బిగించి కడితే అది బాగా లాగుతుంది. మోటారును తక్కువ వేగంతో నడిపినా చాలు, డీజిల్ మిగులుతుంది. అందుకే "జంట నడక" లాంటి పేరు నాకు నచ్చడం లేదు. ఇక్కడ ఇద్దరూ సమానం కాదు.

పాలకు తోడు వేసినట్టు, చాపకు కొంచెం మోటారు తోడు. అందుకని "మోటారు తోడెయ్యడం" అందామా?

ములుగు నుంచి జవాబు:
అన్నా, భావం బాగుంది కానీ ఆ మాట పడవలో ప్రమాదం. నేను చెరువు మీద పెరిగినవాణ్ని. తెప్పలో కాదు గానీ, పుట్టిలోకి నీళ్లొస్తే అరిచే మాటే "తోడెయ్". మీరు మోటారు కోసం అరిస్తే అవతలివాడు డబ్బా తీసుకొని నీళ్లు తోడుతాడు!

కరీంనగర్ నుంచి జవాబు:
సరుకు ఓడల్లో పనిచేసి వచ్చాను, ఒక మాట చేర్చాలి. సముద్రం మీద ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నియమాల ప్రకారం, చాప ఎత్తి ఉన్నా మోటారు పడవను నెడుతుంటే అది చాప పడవ కిందికి రాదు, మోటారు పడవే. పగలైతే ముందు భాగాన, కొస కిందికి ఉండేలా నల్ల శంకువు కట్టాలి. దూరం నుంచి చాప కనబడుతుంది, మోటారు కనబడదు కదా. ఎవరు ఎవరికి దారి ఇవ్వాలన్నది దాని మీదే ఉంటుంది. మీరు పెట్టే పేరులో మోటారు మాట తప్పకుండా వినబడాలి, దయచేసి దాన్ని వదలకండి.

హన్మకొండ నుంచి మళ్లీ:
ములుగు తమ్ముడూ, ఆ "తోడెయ్" నాకు తట్టనే లేదు, మంచిమాట చెప్పావు. మా ఇంట్లో పాలకు "తోడు పెట్టు" అని కూడా అంటారు. పొలం దగ్గర మోటారునూ పెట్టమనే అంటాం. "మోటారు తోడు పెట్టడం" అంటే నీళ్లు తోడే గొడవ పోయింది, కరీంనగర్ సార్ అడిగిన మోటారూ వినబడుతోంది. అదే మోటారు ఎక్కువ పనిచేసి, ఊగకుండా నిలబెట్టడానికే చాప ఎత్తి ఉంచితే, అప్పుడు "ఊత చాప" అనొచ్చు.

రాత్రి ఫోన్‌లో అమ్మాయికి చెప్పాను. పెద్ద కటమరాన్‌లకు ఎక్కువగా ఒక్కో పడవలో ఒక్కో మోటారు ఉంటుందట. వెంటనే వాక్యం కట్టేసింది: "గాలి పడిపోయింది, పెద్దచాప అట్లనే ఉంచి ఎడమ మోటారు తోడు పెట్టు."

ఇంకొకటి మిగిలింది. వీచే గాలి, పడవ పుట్టించే గాలి కలిసి చాపకు తగిలేదానికి ఏం పేరు పెడదాం? నాకు "తగులుగాలి" తోచింది. ఇంతకన్నా మంచిది ఎవరి ఊళ్లోనైనా ఉంటే చెప్పండి.