నెలసరి ఆగాక వేళ్లు, మోకాళ్లు బిగుసుకుపోతున్నాయి... మీకేం పనిచేసింది?

అందరికీ నమస్కారం. నాకు 51 ఏళ్లు. నెలసరి ఆగి 14 నెలలైంది. అప్పటినుంచి పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు. ఆవకాయ సీసా మూత తీయాలన్నా, తడిబట్ట పిండాలన్నా మా అమ్మాయిని పిలవాల్సిందే. వేడినీళ్లలో చేతులు పెట్టి ఓ పావుగంట కదిలిస్తే కాస్త వదులవుతాయి. మెట్లు దిగుతుంటే మోకాళ్లు పట్టేస్తున్నాయి.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ (కీళ్లవాతం ఉందేమో చూసే రక్తపరీక్ష), థైరాయిడ్ నార్మల్. విటమిన్ డి తక్కువుందని వారానికో మాత్ర రాశారు. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ అనే ఆడవాళ్ల హార్మోన్ తగ్గినా కీళ్లు ఇలా నొప్పి పెడతాయట. మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, అందుకే హార్మోన్ మాత్రలంటే నాకు టెన్షన్.

అవి లేకుండా తగ్గించుకున్నవాళ్లు ఉన్నారా? ఫిజియోథెరపీ ఎన్నాళ్లకి గుణం చూపించింది? నొప్పి ఉన్నరోజు కూడా నడవచ్చా? దయచేసి మీ అనుభవం చెప్పండి.