థైరాయిడ్ గడ్డ క్యాన్సరా కాదా అంటే "మధ్యలో" అంటారేంటి?

బ్రాడీపేట బుల్లోడు:
మా మేనత్తకి మెడలో గడ్డ. కొత్తపేటలో సూది పరీక్ష చేయిస్తే బెథెస్డా 4 (సూది పరీక్ష ఫలితాలకి వేసే వర్గాల్లో నాలుగోది), ఫాలిక్యులర్ నియోప్లాజం, అంటే క్యాన్సరో కాదో సూదితో తేలని గడ్డ, అని వచ్చింది. ఒక పక్క థైరాయిడ్ తీయించాం. బయాప్సీలో ఇప్పుడు ఎన్ఐఎఫ్‌టీపీ (తన చుట్టూ ఉన్న పొర దాటని ఒక రకం గడ్డ) అంట, క్యాన్సర్ కాదంట, మామూలు గడ్డ కూడా కాదంట, "లో రిస్క్" అంట. ఇంట్లో అందరికీ టెన్షన్. ఉంటే ఉందనండి, లేకపోతే లేదనండి, ఈ మూడో గడి డాక్టర్లు తప్పించుకోవడానికే పెట్టుకున్నారని నా అభిప్రాయం.

స్లైడ్ మాస్టారు:
సూర్యారావుపేటలో ల్యాబ్‌లో పనిచేస్తాను. తప్పించుకోవడం కాదు బాబూ. 2016కి ముందు ఇదే గడ్డకి థైరాయిడ్‌కి వచ్చే పాపిల్లరీ క్యాన్సర్‌లో ఒక రకం అని రాసేవాళ్ళం, దాంతో మొత్తం థైరాయిడ్ తీసేసేవాళ్ళు, కొందరికి రేడియో అయోడిన్ కూడా ఇచ్చేవాళ్ళు, ఇక జన్మంతా మాత్రలే. పొర దాటని గడ్డని పూర్తిగా తీసేస్తే తిరిగి రావడం చాలా అరుదని తేలాకే ఆ పేరులోంచి క్యాన్సర్ అనే మాట తీసేశారు. 2022 డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణలో క్యాన్సర్ కాని మంచి గడ్డలు అంటే ఫాలిక్యులర్ నాడ్యులర్ డిసీజ్ (మనం మల్టీనాడ్యులర్ గాయిటర్ అనేది ఇందులోకే వచ్చింది), ఫాలిక్యులర్ అడినోమా, పాపిల్లరీ ఆకృతి ఉన్న అడినోమా, ఆంకోసైటిక్ అడినోమా. మీ మేనత్తగారిది వీటి పక్కనున్న లో రిస్క్ గడి.

పటమట పద్మ:
మాస్టారూ, అంత బాగా తెలిసినప్పుడు సూది పెట్టినప్పుడే చెప్పొచ్చుగా? కోసేదాకా ఎందుకు ఆగడం?

స్లైడ్ మాస్టారు:
సూదిలో వచ్చేవి విడి కణాలేనమ్మా. అడినోమాలోనూ ఫాలిక్యులర్ క్యాన్సర్‌లోనూ అవి ఒకేలా కనిపిస్తాయి. తేడా అంతా పొరలో ఉంటుంది, కణాలు దాన్ని చీల్చుకుని బయటికొచ్చాయా, రక్తనాళంలోకి దూరాయా అని చూడాలి. గడ్డ మొత్తం చేతికి రానిదే అది కుదరదు. 2023 బెథెస్డా లెక్కలో నాలుగో వర్గం వచ్చి ఆపరేషన్ అయినవాళ్ళలో సగటున నూటికి 30 మందికి క్యాన్సర్ తేలుతుంది. అంటే ఎక్కువమందికి కాదు, కానీ వదిలేసేంత తక్కువ కూడా కాదు.

బ్రాడీపేట బుల్లోడు:
సరే, ఇప్పుడు గడ్డ మొత్తం చూశారుగా. పొర దాటలేదన్నారుగా. అడినోమాకీ పొర చూశాకే పేరు పెడతారు, మరి దీన్ని అదే గడిలో పెడితే ఏం పోయింది?

స్లైడ్ మాస్టారు:
మంచి ప్రశ్నే. జన్యుపరంగా చూసినా ఇది అడినోమాకి దగ్గరే, రెండింట్లోనూ ఆర్ఏఎస్ అనే జన్యువుల్లో మార్పులు కనిపిస్తాయి. కానీ దీని కణాల కేంద్రకాలు పాపిల్లరీ క్యాన్సర్ కేంద్రకాల్లా ఉంటాయి, ఒకే స్లైడ్ మీద ఇద్దరు పాథాలజిస్టులు వాదించుకోవడం మామూలే. పైగా పొరలో చూడకుండా వదిలేసిన ముక్కలోనే చొచ్చుకుపోయిన చోటు ఉంటే? అందుకే పొర మొత్తం బ్లాకుల్లో (ముక్కలు పెట్టే మైనం దిమ్మల్లో) పెట్టి చూశాకే ఆ పేరు రాయాలి. నిక్షేపంలా ఉందని రాసేసి ఫాలోఅప్ మానేయమనడం నాకైతే ఇష్టం లేదు.

బందర్ రోడ్ బీమా:
అందరూ స్లైడ్ల దగ్గరే ఆగిపోయారు, డబ్బు సంగతి చూడండి. పెద్ద జబ్బు తేలితే ఒకేసారి డబ్బిచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీల్లో, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిర్వచనం ప్రకారం బినైన్ (మామూలు గడ్డ), బార్డర్‌లైన్ (అటూ ఇటూ కానిది), లో మాలిగ్నెంట్ పొటెన్షియల్ (క్యాన్సరయ్యే అవకాశం తక్కువున్నది) అన్నీ క్యాన్సర్ కిందికి రావు. అసలు క్యాన్సరే అయినా, రెండు సెంటీమీటర్ల లోపు ఉండి ఎక్కడికీ పాకని థైరాయిడ్ క్యాన్సర్‌కీ అందులో ఇవ్వరు. ఆపరేషన్ ఖర్చు మామూలు హెల్త్ పాలసీలో అడగాలి, అది వేరే లెక్క.

పటమట పద్మ:
అంటే బీమావాడికి అది క్యాన్సర్ కాదు, చుట్టాలకి మాత్రం క్యాన్సరే. మా వీధిలో ఒకావిడకి అడినోమా అని చెప్పినా "ట్యూమర్ అంట" అని పెళ్ళి సంబంధం దాకా వెళ్ళింది మాట. మాస్టారూ, గడులు ఎన్నైనా పెట్టుకోండి, రిపోర్టు కింద తెలుగులో రెండు లైన్లు రాస్తే మీ సొమ్మేం పోయింది?

స్లైడ్ మాస్టారు:
రిపోర్టు వెళ్ళేది సర్జన్‌కమ్మా, చెప్పాల్సింది ఆయన.

బ్రాడీపేట బుల్లోడు:
ఆయనేమో పాథాలజీ వాళ్ళని అడగమన్నారు. రేపు బ్లాకులు తీసుకుని ఇంకో చోట చూపిస్తున్నాం, పొర మొత్తం పెట్టారా లేదా అనేదే మొదట అడుగుతా.